సోవియట్ రేంజ్‌ఫైండర్ కెమెరా: ఏది కొనాలి, ఎలా వాడాలి (టైడా నుంచి)

ఈసారి ఎపిసోడ్ స్టూడియోలో కాదు, టైడాలో. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో, ఘాట్ ఎక్కడం మొదలెట్టాక వచ్చే ఊరు ఇది. మధ్యలో పెద్ద శబ్దం వినిపిస్తే కంగారు పడకండి, కొత్తవలస–కిరండూల్ లైన్ మీద ఇనుప ఖనిజం గూడ్స్ బండి వెళ్తోందని అర్థం. అది వెళ్లేదాకా ఆగి మాట్లాడుకుందాం.

ఇక్కడికే ఎందుకు వచ్చామంటే, టైడాలో పది నిమిషాలు నడిస్తే నాలుగు రకాల వెలుతురు దొరుకుతుంది. రోడ్డు మీద గట్టి ఎండ, చెట్ల కింద చిక్కటి నీడ, పొద్దున్నే పొగమంచు, గుడిసె గుమ్మంలో సగం వెలుగు సగం చీకటి. ఫోన్ అయితే ఇవన్నీ తనే సర్దుకుంటుంది. మనం మాట్లాడుకునే కెమెరాలో సర్దడానికి మీరు తప్ప ఎవరూ లేరు. బ్యాటరీ కూడా ఉండదు.

మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, ఫిల్మ్ కెమెరా కొందామనుకుంటున్నా. లైకా మనవల్ల కాదు. రష్యన్ కెమెరాలు చవగ్గా దొరుకుతున్నాయి, ఫెడ్ కొనాలా, జోర్కీ కొనాలా, కీవ్ కొనాలా?" నా జవాబు ముందే చెప్పేస్తా. పేరు చూసి కొనకండి. మీ చేతికొచ్చే ఆ ఒక్క కెమెరా ఏ స్థితిలో ఉందో చూసి కొనండి. అరవై ఏళ్ల వస్తువు ఇది. బాగున్న ఫెడ్, పాడైన కీవ్ కంటే వంద రెట్లు నయం.

ముందు రేంజ్‌ఫైండర్ అంటే ఏంటో చూద్దాం. చేయి చాపి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి చూడండి, తర్వాత కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకు దూకినట్టు ఉంటుంది కదా? వేలు దగ్గరికి తెస్తే ఇంకా ఎక్కువ దూకుతుంది. ఆ దూకుడు ఎంతో కొలిస్తే వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్ కెమెరా ముందువైపు రెండు కిటికీలు ఉండేది అందుకే, అవి దాని రెండు కళ్లు. వ్యూఫైండర్‌లో చూస్తే మధ్యలో చిన్న మచ్చ, అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగ్ తిప్పుతూ ఉంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ అయినట్టు. అంతే.

ఆ రెండు కళ్ల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితంగా వస్తుంది. జోర్కీ-4లో అది 38 మిల్లీమీటర్లు. ఫెడ్-2లో 67. కీవ్‌లో దాదాపు 90. కాగితం మీద కీవ్ గెలిచినట్టే. కానీ 50 ఎంఎం లెన్స్‌తో మామూలు ఫోటోలు తీసేవాళ్లకు జోర్కీ 38 కూడా సరిపోతుంది, ఎందుకంటే దాని వ్యూఫైండర్ పెద్దది, చూడటం సుఖం.

ఇప్పుడు ఈ మూడూ ఎక్కడివో కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథ తెలిస్తే కొనేటప్పుడు మోసపోరు. మనం "రష్యన్ కెమెరాలు" అంటాం గానీ మూడింట్లో రెండు ఉక్రెయిన్‌వి. ఫెడ్ పుట్టింది ఖార్కివ్‌లో. అంతర్యుద్ధం తర్వాత వీధుల్లో పడ్డ అనాథ పిల్లల కోసం అక్కడ 1927లో ఒక కమ్యూన్ పెట్టారు, దాన్ని నడిపింది అంతోన్ మకరెంకో అనే ఉపాధ్యాయుడు. పిల్లలు చదువుకుంటూ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ముందు ఎలక్ట్రిక్ డ్రిల్లింగ్ మెషీన్లు చేశారు. తర్వాత జర్మన్ లైకా-2 కెమెరాను విప్పి చూసి, అలాంటిదే చేశారు. 1934 నుంచి అది వరసగా తయారైంది. ఆ కమ్యూన్‌కి పెట్టిన పేరు ఫెలిక్స్ ఎద్‌ముందొవిచ్ జెర్జిన్‌స్కీ, ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే ఫెడ్. ఆయనెవరో తెలుసా? సోవియట్ రహస్య పోలీసు సంస్థ చెకాను మొదలుపెట్టినవాడు. అనాథ పిల్లలు చేసిన కెమెరాకి పోలీసు అధిపతి పేరు. చరిత్ర ఇలాంటి జోకులు వేస్తూ ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఖార్కివ్ ఫ్యాక్టరీ దెబ్బతింది. దాంతో మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో ఉన్న ఫ్యాక్టరీ కూడా ఫెడ్ తయారీ ఎత్తుకుంది, 1948కల్లా అదే జోర్కీ అయింది. జోర్కీ అంటే చూపు చురుకైనవాడు అని. రష్యన్ లిపిలో ఆ పేరు మొదటి అక్షరం అచ్చం మన 3 అంకెలా ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. మీరు వినే ఉంటారు, జెనిట్ అని. అది జోర్కీకి అద్దం పెట్టి చేసిన ఎస్‌ఎల్‌ఆర్, రేంజ్‌ఫైండర్ కాదు. దాని సంగతి ఇంకో రోజు.

కీవ్ దారి వేరు. యుద్ధం గెలిచాక సోవియట్ వాళ్లు జర్మనీలో జైస్ కంపెనీ కాంటాక్స్ కెమెరా చేసే యంత్రాలు, విడిభాగాలు నష్టపరిహారం కింద తీసుకెళ్లారు. కీవ్ నగరంలో ఆర్సెనల్ ఫ్యాక్టరీలో వాటితో తయారీ పెట్టారు. 1947 నాటి మొదటి కీవ్‌లలో జర్మన్ భాగాలు కూడా ఉన్నాయి. ఆ డిజైన్‌నే కొద్ది మార్పులతో 1980లలో దాకా చేస్తూ పోయారు. అందుకే కలెక్టర్లు పాత కీవ్‌ల వెంట పడతారు. సీరియల్ నెంబర్‌లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం, అమ్మేవాడు చెప్పేది పక్కన పెట్టి అది చూసుకోండి. జోర్కీ-4లోనూ అంతే.

విశాఖ వాళ్లకు సోవియట్ వస్తువులు కొత్తేం కాదు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి అక్కడ తయారైందే. స్టీల్ ప్లాంట్‌కి సాయం చేసింది వాళ్లే. కుర్సుర లోపలికి వెళ్లినవాళ్లకి ఈ కెమెరా చేతిలో పట్టుకోగానే ఆ తీరు తెలిసిపోతుంది. బరువు, మందం, అందం సంగతి తర్వాత.

సరే, ఎంపిక. కొత్తగా మొదలెట్టేవాళ్లకి నేను చెప్పేది ఫెడ్-2 లేదా జోర్కీ-4. రెండింటికీ వెనక తలుపు మొత్తం ఊడొస్తుంది, ఫిల్మ్ ఎక్కించడం కష్టం కాదు. మొదటి ఫెడ్, మొదటి జోర్కీ చూడటానికి ముద్దుగా లైకాలా ఉంటాయి. కానీ వాటికి ఫిల్మ్ కింది నుంచి దూర్చాలి, ఫిల్మ్ మొదట్లో నాలుకలా పొడవుగా కత్తిరించుకోవాలి. మొదటి రోల్‌కే ఆ తిప్పలు వద్దు. ఫెడ్-4, ఫెడ్-5 మీద సెలీనియం మీటర్ ఉంటుంది, దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వకండి. ఆ మీటర్లలో చాలావాటికి వయసైపోయింది, సూది కదిలినా నిజం చెబుతుందని నమ్మకం లేదు. మీ జేబులో ఫోన్ ఉంది, లైట్ మీటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది.

ఫెడ్-2కి నెమ్మది స్పీడులు ఉండవు, గరిష్ఠం 1/500. జోర్కీ-4లో ఒక సెకను నుంచి 1/1000 దాకా ఉంటాయి. లెన్స్‌లు రెండింటికీ ఒకే 39 ఎంఎం మర, ఇటుది అటు పెట్టుకోవచ్చు. కీవ్‌ది వేరే మౌంట్, అది ఈ రెండింటికీ సరిపోదు. లెన్స్‌ల్లో ఇండస్టార్-26, ఇండస్టార్-61 రెండూ 2.8, పదునైనవి. జూపిటర్-8 అయితే ఎఫ్ 2, జైస్ సోనార్ డిజైన్ మీద చేసింది. మనుషుల ముఖాలకు నాకు జూపిటర్ ఇష్టం, కొంచెం మెత్తగా ఉంటుంది. ఎదురెండలో మాత్రం తెల్లగా వెలిసిపోతుంది.

ఒక్క హెచ్చరిక. బంగారు రంగులో మెరుస్తూ, జర్మన్ సైన్యం గద్ద గుర్తుతో "యుద్ధకాలపు లైకా" అని చవగ్గా కనిపిస్తే పరుగెత్తకండి. అవి ఫెడ్, జోర్కీలకు వేషం వేసినవి. లెన్స్ విప్పి లోపల పైన చూడండి. అసలు లైకాలో ఫోకస్ అందుకునే చేతి చివర గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది. ఫెడ్, జోర్కీల్లో చక్రం ఉండదు, మొండి లోహపు ముక్క ఉంటుంది.

ఇప్పుడు అసలు పని: చేతికొచ్చిన కెమెరాను పరీక్షించడం. దీనికి మీ ఫోన్ కంటే మంచి పనిముట్టు లేదు.

షటర్‌తో మొదలెడదాం. లెన్స్ తీసేయండి, వెనక తలుపు తీసేయండి. తెల్లటి గోడకి ఎదురుగా పెట్టి, వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీయండి. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే లెక్క తేలిక. 1/30 స్పీడు నిజంగా 1/30 అయితే వెలుతురు ఎనిమిది ఫ్రేముల్లో కనిపించాలి. 1/60 అయితే నాలుగు. ఎనిమిది రావాల్సిన చోట పన్నెండు వస్తే షటర్ బద్ధకించింది, ఫర్లేదు, ఆ తేడా గుర్తుపెట్టుకుని వాడొచ్చు. 1/500 దగ్గర ఫ్రేములు లెక్కపెట్టలేం, కానీ ఒక్కటి చూడొచ్చు. చీలిక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లిందా, మధ్యలో మూసుకుపోయిందా? మూసుకుపోతే ఫోటోలో ఒక పక్క నల్లగా వస్తుంది. ఆ కెమెరా వదిలేయండి, లేదా రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

తర్వాత చీకటి గదిలోకి వెళ్లండి. లెన్స్ ఉండే చోట ఫోన్ టార్చ్ పెట్టి, వెనక నుంచి షటర్ గుడ్డ చూడండి. ఫెడ్, జోర్కీలది రబ్బరు పూసిన గుడ్డ. నక్షత్రాల్లా చుక్కలు కనిపిస్తే గుడ్డకి చిల్లులు పడ్డాయి. ఎలా పడతాయంటే, ఎస్‌ఎల్‌ఆర్‌లో లాగా లోపల అద్దం ఉండదు కాబట్టి సూర్యుడి వెలుగు లెన్స్ గుండా నేరుగా గుడ్డ మీద పడుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చాం కదా, అదే. విస్టాడోమ్ బోగీలో కూర్చుని కెమెరా ఒళ్లో పెట్టుకుని, లెన్స్ పైకి తిప్పి, అద్దాల్లోంచి కొండలు చూస్తూ కూర్చున్నారనుకోండి, అరకు చేరేలోపు చిల్లు పడొచ్చు. లెన్స్‌కి మూత పెట్టండి. కీవ్‌కి ఈ భయం తక్కువ, దాని షటర్ లోహపు రేకులు. కానీ ఆ రేకుల్ని పట్టుకునే పట్టు రిబ్బన్లు తెగితే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం.

మూడోది ఫోకస్. ఇక్కడ టైడాలో చాలా తేలిక. లోయ అవతల కొండ గట్టు చూడండి, కిలోమీటరుకి పైనే. లెన్స్‌ని అనంతానికి తిప్పి చూస్తే గట్టు మీద చెట్టు ఒక్కటిగా కనిపించాలి. రెండుగా ఉంటే రేంజ్‌ఫైండర్ సర్దాలి. ఊళ్లో ఉన్నవాళ్లు చందమామను చూడండి. ఆ తర్వాత టేపుతో కొలిచి సరిగ్గా ఒక మీటరు దూరంలో ఏదైనా పెట్టి చూడండి, లెన్స్ మీద కూడా ఒకటే చూపించాలి. దూరంలో సరిగ్గా ఉండి దగ్గరలో తేడా వస్తే, మనుషుల ఫోటోలన్నీ మసకగా వస్తాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇదే.

లెన్స్‌లో టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే ఫంగస్. మన తీరంలో, ఈ కొండల్లో వానాకాలం తేమకి ఫంగస్ ఇట్టే పెరుగుతుంది. కెమెరాతో వచ్చే తోలు కేసు చూడ్డానికి బాగుంటుంది గానీ తేమ పట్టి ఉంచేది అదే. కేసు షెల్ఫ్‌లో పెట్టండి, కెమెరా మాత్రం సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత బిగుతు డబ్బాలో పెట్టండి.

ఇంకొకటి, చాలా చిన్నది. లోపల ఫిల్మ్ చుట్టుకునే స్పూల్ ఉందా? ఈ మూడింట్లోనూ అది ఊడొచ్చే ముక్క. పోగొట్టేసి కెమెరా అమ్మేస్తుంటారు. అది లేకపోతే ఒక్క ఫోటో కూడా తీయలేరు.

వాడకంలోకి వద్దాం. ఒక్క సూత్రం చెబుతా, ఇది మర్చిపోతే కెమెరా పోతుంది. ముందు వైండ్ చేయాలి, ఆ తర్వాతే స్పీడు మార్చాలి. వైండ్ చేయకుండా స్పీడు డయల్ తిప్పితే, ముఖ్యంగా జోర్కీ-4లో, లోపల మెకానిజం దెబ్బతింటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి, స్నేహితులకి కెమెరా చేతికిచ్చే ముందే ఇది చెప్పండి. మనిషి చేతికి డయల్ దొరగ్గానే తిప్పబుద్ధేస్తుంది కదా. కీవ్ వాడినా ఇదే అలవాటు పెట్టుకోండి, నష్టమేం లేదు.

ఫిల్మ్ ఎక్కించాక తలుపు మూసి వైండ్ చేస్తుంటే రెండో పక్క రివైండ్ నాబ్ తనంతట తాను తిరగాలి. తిరగట్లేదంటే ఫిల్మ్ స్పూల్‌కి పట్టలేదు, మీరు 36 సార్లు గాలిని ఫోటో తీస్తారు. కౌంటర్ కూడా మీరే సున్నా మీద పెట్టాలి. రోల్ అయ్యాక రివైండ్‌కి షటర్ బటన్ చుట్టూ ఉన్న రింగ్‌ని నొక్కి తిప్పాలి. కొత్త రోల్ వేసేముందు ఆ రింగ్‌ని మళ్లీ వెనక్కి తిప్పండి. "అన్నా, కెమెరా చచ్చిపోయింది, షటర్ పడట్లేదు" అని వచ్చే మెసేజ్‌లలో సగం ఈ రింగ్ వల్లే.

కీవ్ వాళ్లకి ఒక్క మాట: కుడిచేతి వేళ్లు ముందుకు చాచి పట్టుకుంటే రేంజ్‌ఫైండర్ కిటికీ మూసుకుపోతుంది. వేళ్లు కొంచెం పైకి మడిచి పట్టుకోవాలి. అలవాటయ్యేదాకా చిరాకే.

ఇక వెలుతురు. మీరు 400 ఐఎస్‌ఓ ఫిల్మ్ వేశారనుకుందాం. గట్టి ఎండలో ఎఫ్ 16, స్పీడు 1/500. పక్కన నీడలోకి, ఆకాశం కనిపించే నీడలోకి వస్తే అదే స్పీడులో ఎఫ్ 5.6. చెట్ల గుబురు కిందికి వెళ్తే ఎఫ్ 4, 1/60 దగ్గర మొదలెట్టి యాప్‌తో సరిచూసుకోండి. పాత ఫెడ్‌లలో 1/60 ఉండదు, 1/50 ఉంటుంది, తేడా ఏం లేదు. అనుమానం వస్తే కొంచెం ఎక్కువ వెలుతురే ఇవ్వండి. నెగటివ్ ఫిల్మ్ ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే క్షమించదు. ఫోన్ కెమెరా అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు, అందుకే చెబుతున్నా.

ఫోకస్ చేసే టైం లేనప్పుడు, ఉదాహరణకి బండి మలుపు తిరిగి వచ్చేటప్పుడు, లేదా ఊళ్లో పిల్లలు పరుగెడుతున్నప్పుడు, 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 8 మీద పెట్టి దూరం 5 మీటర్ల దగ్గర ఆపేయండి. సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా అన్నీ పదునుగా వస్తాయి. ఇక రింగ్ ముట్టుకోనక్కర్లేదు.

మీరు టైడా వచ్చేది పక్షుల కోసమైతే మాత్రం ఈ కెమెరా తెచ్చుకోకండి. టైడా పక్షులకు పేరున్న చోటే, కానీ 50 ఎంఎంతో పిట్ట చుక్కలా వస్తుంది. కాఫీ పువ్వు దగ్గర నుంచి తీద్దామన్నా కుదరదు, ఒక మీటరు కంటే దగ్గరికి ఫోకస్ రాదు. దీనికి సరిపడేవి మనుషులు, దారులు, రైలు, ఇళ్లు, సంత. ఇంకోటి, వ్యూఫైండర్ లెన్స్‌లోంచి చూడదు. లెన్స్ మూత తీయకపోయినా మీకు బొమ్మ చక్కగా కనిపిస్తుంది. మూత తీశారో లేదో చెప్పేది ఎవరూ లేరు.

మనుషులు అన్నాను కాబట్టి, దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను. ఈ కొండల్లో బగత, కొండదొర, కోటియ, ఇంకా చాలా తెగల వాళ్లు ఉన్నారు. వీకెండ్ వస్తే టూరిస్టులు కారు ఆపి, అడక్కుండా ఫోన్ ఎత్తి తీసుకుని వెళ్లిపోతారు. సంతలో కూరగాయలమ్మే అక్క మొహం ఎవరి రీల్‌లో ఉందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఫోన్ వాడేవాడు కనీసం స్క్రీన్ తిప్పి "ఇదిగో అక్కా, బాగొచ్చింది" అని చూపించగలడు, వద్దంటే డిలీట్ చేయగలడు. ఫిల్మ్‌లో ఆ రెండూ లేవు. చూపించడానికి ఏమీ ఉండదు, చెరపడానికి ఏమీ ఉండదు. కాబట్టి అడగడం తీసేముందే జరగాలి. అడిగాక వద్దంటే కెమెరా దించేయాలి. ఇక్కడ చాలామందికి తెలుగు వచ్చు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లూ ఉన్నారు. మాట రాకపోతే కెమెరా చూపించి సైగ చేసి అడగండి, నవ్వు అర్థమవుతుంది, మొహం తిప్పుకోవడమూ అర్థమవుతుంది.

రోల్ కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే ఇప్పుడు వెయ్యి రూపాయలు దాటుతుంది. 36 ఫోటోలంటే ఒక్కో క్లిక్ ముప్పై రూపాయల దాకా పడుతుంది. దానికి ఇంకో పది, పదిహేను కలిపితే ఒక ప్రింట్ వస్తుంది. అడిగి తీసిన వాళ్లకి ఆ ప్రింట్ ఇవ్వండి. నెగటివ్ చేతిలో ఉంది కాబట్టి పదేళ్ల తర్వాతైనా ఇవ్వగలరు. పద్ధతి ఇది: చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి, కౌంటర్ మీద ఎన్నో నెంబర్ ఉందో, ఎవరో, ఏ ఊరో రాసుకోండి. "14 – రోడ్డు పక్క టీ కొట్టు అత్త, టైడా" అలా. రోల్ ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు డబ్బా మీద తేదీ, ఐఎస్‌ఓ రాయండి, నెగటివ్‌లు వెనక్కి కావాలని చెప్పండి, కొన్నిచోట్ల అడక్కపోతే స్కాన్‌లు మాత్రమే పంపుతారు. ప్రింట్ తీయించి, ఆ నోట్‌బుక్ పేజీ చూసుకుని, మళ్లీ అరకు బస్సెక్కినప్పుడు సంచీలో వేసుకోండి. మీరు రాలేకపోతే ఆ టీ కొట్టు పేరు మీద పోస్ట్ చేయండి, టీ కొట్టులో ఇస్తే ఊళ్లో ఎవరిది వాళ్లకి చేరుతుంది.

అదిగో, బండి వస్తోంది. ఎఫ్ 8, ఐదు మీటర్లు అన్నాను కదా, ఇది చాలా దూరంలో ఉంది కాబట్టి అనంతానికి తిప్పేస్తున్నా. వైండ్ అయింది, స్పీడు 1/250, మూత తీశాను.